పాతాళానికి పట్టా ఎవరిది?

చమురు క్షేత్రాల చట్టానికి సవరణ పార్లమెంటులో నెగ్గిన తీరు చూసినవారెవరికీ అదొక పెద్ద విషయమన్న భావం కలిగి వుండదు. 2024 డిసెంబరు 3న రాజ్యసభ, 2025 మార్చి 12న లోక్‌సభ ఆ బిల్లుకు ఆమోదముద్ర వేశాయి. 1948 నాటి పాత చట్టానికి కాలానుగుణంగా చేసిన మరమ్మతుగానే ప్రభుత్వం దానిని వర్ణించింది. పెట్టుబడిదారులకు స్థిరత్వం, వివాదాలకు సత్వర పరిష్కారం, పెట్రోలియానికి గనులతో ముడిపడని ప్రత్యేకమైన లీజు అన్నవి అందులోని ముఖ్యాంశాలు. పాత చట్టంలో ఉల్లంఘనకు ఆరు నెలల జైలో, వెయ్యి రూపాయల జరిమానాయో, రెండూనో వుండేవి. కొత్త చట్టంలో జైలు పోయింది. జరిమానా 25 లక్షల రూపాయల దాకా పెరిగింది.

ఇవన్నీ రాజధానిలో చర్చకు వచ్చిన విషయాలే. అంతగా చర్చకు రాని విషయం ఒక చిన్న నిర్వచనంలో వున్నది. ‘ఖనిజ తైలం’ అన్న మాట పరిధిలోకి షేల్ చమురు, షేల్ వాయువు, బొగ్గు పొరల్లో ఇమిడివున్న మీథేన్ కూడా ఇప్పుడు స్పష్టంగా చేరాయి. చేరవలసినవే, అవి భూగర్భంలోని ఇంధనాలు కావని ఎవరూ అనరు. అయితే వాటిని పైకి తీసే పద్ధతి మామూలు చమురు బావి పద్ధతి కాదు. ప్రపంచంలో ఇన్ని ఊళ్ళు, ఇన్ని రాష్ట్రాలు, కొన్ని దేశాలు ఎదురుతిరిగిన ‘ఫ్రాకింగ్’ అనే పద్ధతి అది. ఒక నిర్వచనంలో నాలుగు మాటలు చేరితే ఎక్కడెక్కడి బావుల నీళ్ళ మీద దాని నీడ పడుతుందో ఢిల్లీలో కూర్చుని ఊహించడం కష్టం.

ఈ చట్టంపై నేను విన్న వ్యాఖ్యలలో మిక్కిలి సూటి అయినది శాస్త్రి భవన్‌లో విన్నది కాదు, సెంట్రల్ హాలులో విన్నదీ కాదు. జంషెడ్‌పూర్‌లో స్వర్ణరేఖ ఒడ్డున వున్న భుయ్యాడీహ్‌లో విన్నాను.

పురుషోత్తం ఎక్స్‌ప్రెస్ ఢిల్లీ నుంచి పూరీకి పోతూ టాటానగర్‌లో ఆగుతుంది. వేరే పనిమీద ఆ ఊరు వెళ్ళిన నన్ను అక్కడి తెలుగువారు కొందరు భుయ్యాడీహ్ చూపించారు. జంషెడ్‌పూర్‌లో తెలుగువారి చరిత్ర ఉక్కు కర్మాగారం చరిత్ర అంత పాతది. 1912లో సాక్చిలో తొలి ఉక్కు దిమ్మె వెలువడిన తరువాతి దశాబ్దాలలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి వేలాది కుటుంబాలు పని వెదుక్కుంటూ ఆ దారి పట్టాయి. బిష్టుపూర్‌లో వారు కట్టుకున్న రామమందిరం ఊరికంతటికీ ఆనవాలు. కంపెనీ క్వార్టర్లు దక్కినవారు కద్మా, సోనారి, ఆగ్రికోలలో స్థిరపడగా, దక్కనివారు నది ఒడ్డు బస్తీలలో తలదాచుకున్నారు. భుయ్యాడీహ్ అటువంటి చోటు. ‘భుయ్యా’ అన్న జాతి పేరు భూమి నుంచి వచ్చిందంటారు. ‘డీహ్’ అంటే ఊరి స్థలం. పేరులోనే భూమి వున్న ఆ ఊళ్ళో కాళ్ళకింది నేల మీద ఎవరికీ భరోసా లేదు.

నది పక్కన శ్మశానఘట్టం, దానికి ఎగువ దిగువల ఇరుకు ఇళ్ళు, ఆవల ఇసుక మేటలు. ఒకనాడు ఆ ఇసుకలోనే బంగారు రేణువులు వడకట్టేవారు. నదికి ఆ పేరు అందుకే వచ్చింది. ఖర్కాయి నది ఎగువన దోముహాని వద్ద స్వర్ణరేఖలో కలుస్తుంది. కలిసిన రెండు నదులూ మోసుకువచ్చే పట్టణపు మురుగునంతా ఒడ్డున వున్న బస్తీలు చూస్తూనే వుంటాయి. వర్షాకాలంలో నీరు గడప దాకా వస్తుంది. వేసవిలో చేతిపంపు ముందు బిందెల వరుస మొదలవుతుంది.

2024 జూలైలో ఈ ఒడ్డు ఇళ్ళకు కూల్చివేత నోటీసులు వచ్చాయి. నది గర్భాన్ని ఆక్రమించారన్న వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందున్నదనీ, దాని ఆదేశాల మేరకే ఈ చర్య అనీ అధికారులు చెప్పారు. బస్తీవారు వీధికెక్కారు, అన్ని పార్టీల నాయకులూ వచ్చి అండగా నిలుస్తామన్నారు. ఆ కాగితం చేతిలో పట్టుకున్న ఒక ముదుసలి, యౌవనంలో శ్రీకాకుళం వదలి వచ్చి కర్మాగారంలో కాంట్రాక్టు పని చేసి అలసిపోయినవాడు, నేను ఢిల్లీ నుంచి వచ్చానని తెలిసి అడిగాడు: “నేల మీద ఇల్లే మాది కాదంతన్నారు. మరి నేల కిందది ఎవులిది బాబూ?”

ఆయన ఆ మాట ఊరికే అడగలేదు. కూతురి నిచ్చినది కోనసీమలో. అల్లుడి పొలానికి రెండు మైళ్ళలో వాయువు బావి వున్నదట. కొత్త చట్టం వచ్చిందన్న సంగతి ఆయనకు తెలిసినది ఆ ఇంటి నుంచే.

ఒక మాట ముందే స్పష్టం చేయాలి. భుయ్యాడీహ్ కింద షేల్ వాయువు లేదు. సింగ్‌భూమ్ శిలలు అతి ప్రాచీనమైన గట్టి రాళ్ళు. వాటిలో రాగి వున్నది, యురేనియం వున్నది కాని వాయువును కడుపులో దాచుకునే మెత్తని పలకరాయి లేదు. అది వున్నది ఉత్తరాన, దామోదర్ లోయ బొగ్గు పొరల మధ్య. అయినా ఆ ముదుసలి ప్రశ్నకు జవాబు వెదకడానికి భుయ్యాడీహ్ తగిన చోటే అనిపించింది. ఎందుకన్నది క్రమంగా తెలుస్తుంది.

ముందు ఈ ఫ్రాకింగ్ అంటే ఏమిటో పాఠకులకు విన్నవించాలి. మామూలు చమురు బావిలో ఇంధనం ఇసుకరాయి రంధ్రాలలో ఊటలా నిలిచి వుంటుంది. గొట్టం దించితే తన ఒత్తిడికి తానే పైకి వస్తుంది. షేల్ అనే పలకరాయిలో అలా కాదు. రాతి పొరల్లో సూక్ష్మంగా చిక్కుకున్న వాయువుకు దారి లేదు. అందుచేత ఒకటి రెండు కిలోమీటర్ల లోతుకు, అవసరమైతే ఇంకా లోతుకు, నిట్టనిలువుగా బావి తవ్వి, అక్కడి నుంచి అడ్డంగా రాతి పొర వెంట తొలుస్తారు. గొట్టానికి అక్కడక్కడ చిల్లులు పెట్టి నీరు, ఇసుక, కొద్దిపాళ్ళలో రసాయనాలు కలిపిన ద్రవాన్ని అమితమైన ఒత్తిడితో లోపలికి పంపుతారు. రాయి చీలుతుంది. ఇసుక రేణువులు ఆ చీలికలను మూసుకుపోకుండా నిలబెడతాయి. వాయువు దారి చూసుకుని బయటికి వస్తుంది. దానితోబాటు లోపలికి పంపిన నీటిలో కొంత భాగం ఉప్పుతో, భూగర్భంలోని లోహాలతో, ఒక్కొక్కచోట రేడియం వంటి ధార్మిక పదార్థాలతో కలిసి తిరిగి వస్తుంది.

అమెరికాలో 1940 దశకం చివరిలోనే మొదలైన ఈ పద్ధతికి అడ్డబావుల విద్య తోడై, 1990 దశకం చివరిలో టెక్సాస్‌లోని బార్నెట్ షేల్‌లో లాభసాటి అయింది. అక్కడి నుంచే ఆ దేశపు ఇంధన చరిత్ర మలుపు తిరిగింది. నీటి లెక్క ఇది: 2011 నుంచి 2013 ఆరంభం వరకు అమెరికాలో చీల్చిన బావుల వివరాలను అక్కడి పర్యావరణ సంస్థ పరిశీలించగా, మధ్యస్థంగా ఒక్కొక్క బావికి 15 లక్షల గాలన్ల నీరు పట్టినట్లు తేలింది. అంటే సుమారు 57 లక్షల లీటర్లు. మన జల జీవన్ పథకం గ్రామీణుడికి రోజుకు 55 లీటర్లు చాలునన్నది. ఒక్క బావికి పట్టే నీరు లక్షమంది పల్లెవాసుల ఒకనాటి అవసరం. నీరు పుష్కలంగా వున్నచోట ఇది పెద్ద లెక్క కాకపోవచ్చు. వేసవిలో బిందెల వరుస కట్టే చోట చిన్న లెక్క మాత్రం కాదు.

మన దేశంలో ఈ కథ దామోదర్ లోయలోనే మొదలైంది. బెంగాల్‌లో దుర్గాపూర్ సమీపాన ఇచ్ఛాపూర్‌లో ఓఎన్‌జీసీ తవ్విన బావిలో 2011 జనవరిలో షేల్ నుంచి వాయువు పారింది. ఢిల్లీలో ఉత్సాహం వెల్లువెత్తింది. 2013లో అమెరికా ఇంధన సమాచార సంస్థ భారత్‌లో 96 లక్షల కోట్ల ఘనపుటడుగుల షేల్ వాయువు తీయవచ్చునని అంచనా కట్టింది. అంతకుముందు అదే దేశపు భూగర్భ సర్వే సంస్థ మూడు పరీవాహకాలను పరిశీలించి చెప్పిన అంకె 6.1 లక్షల కోట్లు మాత్రమే. పరిశీలించిన ప్రాంతాలలో తేడా వున్నమాట నిజమే. అయినా పెద్ద అంకెకు కాళ్ళు వస్తాయి. చిన్న అంకె ఫైలులోనే వుండిపోతుంది. 2013 అక్టోబరులో కేంద్రం షేల్ అన్వేషణ విధానం ప్రకటించి, తొలి దశలో ఓఎన్‌జీసీకి 50, ఆయిల్ ఇండియాకు 6 బ్లాకులలో అనుమతి ఇచ్చింది. ఖంభాత్, కావేరి, అస్సాంతో పాటు మన కృష్ణా గోదావరి పరీవాహకం కూడా అందులో వున్నది. పదేళ్ళు గడిచినా వాణిజ్యస్థాయి ఉత్పత్తి చేతికి రాలేదు. 2018 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం మరొక అడుగు వేసి, అప్పటికే లీజులున్న కంపెనీలు తమ క్షేత్రాలలో ఇటువంటి అసాధారణ ఇంధనాలను కూడా వెదకవచ్చునన్నది.

షేల్ కంటె ముందే వచ్చినది బొగ్గు పొరల మీథేన్. 1997లో దానికొక విధానం వచ్చింది. 2007 జూలైలో రాణిగంజ్‌లో వాణిజ్య ఉత్పత్తి మొదలైంది. జార్ఖండ్‌లో ఝరియా, బొకారో, ఉత్తర కరణ్‌పురా బ్లాకులు ఓఎన్‌జీసీ చేతిలో పెట్టారు. బొగ్గు పొరలో నీటి ఒత్తిడి వల్ల అంటుకుని వున్న మీథేన్ విడుదల కావాలంటే ఆ నీటిని నెలల తరబడి తోడిపోయాలి. పొర బిగువుగా వుంటే ద్రవం పంపి చీల్చాలి. అంటే ఇక్కడ రెండు ప్రశ్నలు: లోపలికి పంపే నీరు ఎక్కడిది? బయటికి వచ్చే నీరు ఎక్కడికి?

ఈ రెండు ప్రశ్నలను దేశంలో అందరికంటె గట్టిగా అడిగినవారు కావేరి డెల్టా రైతులు. 2010 జూలైలో మన్నార్‌గుడి ప్రాంతంలో బొగ్గు పొరల మీథేన్ తీయడానికి గ్రేట్ ఈస్టర్న్ ఎనర్జీ సంస్థతో కేంద్రం ఒప్పందం చేసుకున్నది. నాయకరాజులు తెలుగులో పాలించి, త్యాగయ్య తెలుగులో పాడిన ఆ తంజావూరు సీమలో వరి తప్ప మరొక దైవం లేదు. బొగ్గుపొర నీరు తోడితే పైపొరల తీపి నీరు కిందికి దిగదా, సముద్రపు ఉప్పునీరు లోపలికి రాదా అని రైతులు అడిగారు. ప్రకృతి వ్యవసాయ ప్రచారకుడు నమ్మాళ్వార్ ఊరూరా తిరిగి ఉద్యమం నడిపి, ఆ ప్రచార యాత్రలోనే 2013 డిసెంబరు 30న కన్నుమూశారు. రాష్ట్ర ప్రభుత్వం నిపుణుల సంఘాన్ని వేసి, 2015 అక్టోబరులో అనుమతి లేదని తేల్చింది. 2017లో పుదుక్కోట్టై జిల్లా నెడువాసల్‌లో హైడ్రోకార్బన్ పథకానికి వ్యతిరేకంగా స్త్రీలు, విద్యార్థులు నెలల తరబడి కూర్చున్నారు. చివరకు 2020 ఫిబ్రవరిలో తమిళనాడు శాసనసభ డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటిస్తూ చట్టం చేసింది. అప్పటికే నడుస్తున్న బావులకు ఆ చట్టం వర్తించదు; కొత్తవాటికి మాత్రం తలుపు మూసింది.

అదే 2020 సంవత్సరం జనవరి 16న ఢిల్లీలో జరిగినది వేరొక పని. పర్యావరణ మంత్రిత్వశాఖ ఒక ప్రకటన ద్వారా చమురు, వాయువు అన్వేషణను ‘బి2’ తరగతికి మార్చింది. దాని అర్థం, అన్వేషణ బావి తవ్వడానికి పర్యావరణ ప్రభావ అధ్యయనం గాని, ప్రజాభిప్రాయ సేకరణ గాని అక్కరలేదు. ఉత్పత్తి దశకు వచ్చినప్పుడు చూసుకోవచ్చునన్నది సర్కారు వాదన. వినడానికి సబబుగానే వున్నది. కాని షేల్ విషయంలో రాయిని చీల్చి చూస్తేనే వాయువు వున్నదీ లేనిదీ తెలిసేది. చీల్చడం అన్వేషణలోనే జరిగిపోతుంది. పెళ్ళి అయిన తరువాత పిల్ల ఇష్టం అడిగినట్లు, ప్రజల అభిప్రాయం అడిగేనాటికి నేల లోపల జరగవలసినది జరిగే వుంటుంది. ప్రజాభిప్రాయ సేకరణ అన్నది 1997లో ఈ దేశ పౌరుడికి దక్కిన హక్కు. దానిని శాసనసభలో చర్చించి తీసివేయలేదు, ఒక అధికార ప్రకటనతో కుదించారు.

గోదావరి డెల్టాకు ఈ వ్యవహారంలో తనదైన అనుభవం వున్నది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో ఎగసిన మంట 65 రోజులు మండి మార్చి 15న ఆరింది. ఆ వెలుగులో రాత్రులు నిద్రపట్టని కోనసీమవాసులు ఇంకా జీవించే వున్నారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ గొట్టం పగిలి ఇరవైమందికి పైగా సజీవదహనమయ్యారు. ఈ రెండింటిలో ఏదీ ఫ్రాకింగ్ కాదు. ఆ సంగతి నిజాయితీగా చెప్పాలి. కాని ప్రజల నమ్మకం శాస్త్రీయ వర్గీకరణలను బట్టి నడవదు. పైన వున్న గొట్టాన్ని కాపాడలేనివారు రెండు కిలోమీటర్ల లోతున రాతి చీలికను అదుపులో పెడతామంటే ఊరివాడు ఏ ధైర్యంతో తల ఊపాలి?

ఇక తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడిన టెక్సాస్ సంగతి. డల్లాస్ పక్కన వున్న ఇర్వింగ్ నగరం ఇవాళ మనవారికి మరొక అమీర్‌పేట. 2015 జనవరి తొలివారంలో అక్కడ వరుసగా భూమి కంపించింది. వాటిలో పెద్దది 3.6 తీవ్రతది. ఆ చుట్టుపట్ల అజిల్ అనే చోట వచ్చిన ప్రకంపనలను సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పరిశోధించి, వాయు క్షేత్రాల మురుగునీటిని తిరిగి భూమిలోకి ఎక్కించడం, ఉప్పునీరు తోడడం అందుకు బహుశా కారణమని 2015లో ప్రకటించారు. ఓక్లహోమాలో అటువంటి మురుగునీటి ఫలితంగానే 2016 సెప్టెంబరు 3న 5.8 తీవ్రత గల కంపం వచ్చింది. గమనించవలసినదేమంటే, రాయిని చీల్చడం కంటె చీల్చిన తరువాత మిగిలిన నీటిని ఏం చేయాలన్నదే పెద్ద ముప్పుగా తేలింది.

ఇర్వింగ్‌కు ఉత్తరాన డెంటన్ అనే విశ్వవిద్యాలయ నగరం వున్నది. 2014 నవంబరులో అక్కడి పౌరులు ఓటు వేసి తమ ఊరి పొలిమేరలో ఫ్రాకింగ్‌ను నిషేధించుకున్నారు. ఆరునెలలు తిరగకుండా, 2015 మేలో, టెక్సాస్ రాష్ట్రం చట్టం చేసి ఊళ్ళకు ఆ అధికారమే లేదన్నది. ప్రజాస్వామ్యానికి పుట్టినిల్లు మాదేనని చెప్పుకునే చోటనే ఊరి మాట రాజధాని ముందు చెల్లలేదు. మరోవైపు న్యూయార్క్ రాష్ట్రం 2014 డిసెంబరులో నిషేధం ప్రకటించింది. ఫ్రాన్సు 2011లోనే నిషేధించింది. ఇంగ్లండు 2019 నవంబరులో ఆపి, 2022 సెప్టెంబరులో మళ్ళీ తెరిచి, మరుసటి నెలలోనే మళ్ళీ మూసింది. పెన్సిల్వేనియాలోని డిమాక్ గ్రామంలో 2009లో తాగునీటి బావుల్లోకి మీథేన్ చేరిన వ్యవహారం పదమూడేళ్ళు నడిచింది. 2022 నవంబరులో ఆ కంపెనీ అభియోగాన్ని ఎదిరించబోమని కోర్టులో ఒప్పుకుని, ఊరికి మంచినీటి గొట్టం వేయడానికి సొమ్ము ఇవ్వడానికి సమ్మతించింది. పదమూడేళ్ళు మంచినీళ్ళు కొనుక్కుని తాగినవారికి దక్కిన న్యాయం అది.

అన్ని ఫిర్యాదులూ నిజమని నేను అనడం లేదు. అమెరికా పర్యావరణ సంస్థ 2016 డిసెంబరులో వెలువరించిన నివేదిక తూకంగా మాట్లాడింది. ప్రతి బావీ నీటిని పాడుచేస్తుందని అది చెప్పలేదు; కొన్ని పరిస్థితులలో పాడుచేయగలదని, నీటి కొరత వున్నచోట తోడితే, ఒలికిపోతే, బావి సిమెంటు గోడ సరిగా లేకపోతే, మురుగును గుంతల్లో నిలిపితే ఆ పరిస్థితులు ఏర్పడతాయని చెప్పింది. అంటే దోషం రాయిలో కంటె పనిలో ఎక్కువ వున్నది. పని శ్రద్ధగా జరిగే దేశానికి ఇది ఊరట. పని ఎలా జరుగుతుందో అనుభవంతో తెలిసిన దేశానికి ఇది హెచ్చరిక.

సర్కారు పక్షాన చెప్పవలసినదీ వున్నది. మనం వాడే ముడి చమురులో నూటికి 85 పాళ్ళకు మించి, సహజవాయువులో దాదాపు సగం విదేశాల నుంచి తెచ్చుకుంటున్నాం. వాయువు బొగ్గుకంటె శుభ్రమైనది. భుయ్యాడీహ్‌లో బొగ్గు కుంపటి ముందు దగ్గే ఇల్లాలికి గ్యాసు బండ వరమే. ఇంధనం వద్దని ఎవరూ అనలేరు, ఆ బస్తీవారు అసలే అనరు. వారి ప్రశ్న వేరు. దేశానికి లాభమైనదాని ఖర్చు ఎవరి ఖాతాలో వ్రాస్తున్నారన్నదే వారి ప్రశ్న.

ఇక్కడ ఆ ముదుసలి ప్రశ్నకు న్యాయశాస్త్రం చెప్పే జవాబు చూద్దాం. అమెరికాలో నేల కింది ఖనిజం సాధారణంగా నేల యజమానిది. కంపెనీ అతని దగ్గరికి వచ్చి సంతకం అడగాలి, రాయల్టీ ఇవ్వాలి. అందుకే అక్కడ ఊళ్ళు రెండుగా చీలాయి; లీజు సొమ్ము అందుకున్నవాడొకవైపు, నీళ్ళు చెడినవాడొకవైపు. మనదేశంలో 2013 జూలైలో కేరళ భూముల కేసులో సుప్రీంకోర్టు ఒక విశేషమైన మాట చెప్పింది. చట్టం ప్రత్యేకించి తొలగించకపోతే నేల కింది హక్కు కూడా నేల యజమానిదేనన్నది. కాని పెట్రోలియం ఆచరణ వేరు. 1959 నియమాల కాలం నుంచి భూభాగం మీది లీజు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం, ఆమోదించేది కేంద్రం. రాయల్టీ చేరేది రాష్ట్ర ఖజానాకు. రైతుకు దక్కేది పైనేల నష్టపరిహారం మాత్రమే. పక్క రైతుకు, అతని బోరులో నీరు మారినా, అదీ దక్కదు. ఇక పట్టాయే లేని భుయ్యాడీహ్ వంటి బస్తీవాడు ఏ లెక్కలోనూ రాడు.

అందుకే భుయ్యాడీహ్ తగిన చోటని మొదట అన్నాను. ఆ నదికి కొంచెం దిగువన, పాతిక కిలోమీటర్ల దూరంలో, జాదూగోడా వున్నది. 1967 నుంచి అక్కడ భూగర్భంలో యురేనియం తీస్తున్నారు. శుద్ధి చేయగా మిగిలిన బురదను నిలిపే చెరువులు ఆదివాసీ గ్రామాలను ఆనుకుని వున్నాయి. 2006 డిసెంబరు 24న ఆ బురద మోసే గొట్టం పగిలి వాగులోకి పారింది. ప్రమాదమేమీ లేదని యురేనియం కార్పొరేషన్, అణుశక్తి సంస్థలు చెప్పాయి, గ్రామస్థులు నమ్మలేదు. ఆ కార్పొరేషనే మన కడప జిల్లా తుమ్మలపల్లెకు వచ్చింది. 2007లో శంకుస్థాపన జరిగి, తరువాతి దశాబ్దంలో ఉత్పత్తి మొదలైంది. బురద చెరువు పక్క ఊళ్ళ రైతులు తమ బోర్ల నీరు చెడిందనీ, అరటి తోటలు ఎండుతున్నాయనీ మొరపెట్టుకోగా, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసులు ఇచ్చింది. ఆ అనుభవం చూసే నల్లమల ప్రజలు ముందుగా మేల్కొన్నారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ అక్కడ యురేనియం తవ్వకం వద్దని తీర్మానించింది.

యురేనియం వేరు, షేల్ వాయువు వేరు. కాని రెండింటిలోనూ ఊరివాడికి ఎదురయ్యే ఇక్కట్టు ఒక్కటే. నీరు చెడిందని అతడు చెబితే, చెడకముందు ఎలా వున్నదో రుజువు చూపమంటారు. రుజువు అతని దగ్గర వుండదు; కంపెనీ దగ్గర వుంటే బయటికి రాదు. డిమాక్‌లోనూ ఇదే వాదన, తుమ్మలపల్లెలోనూ ఇదే వాదన. ఆ నేలలో ఇవి మొదటినుంచీ వున్నవేనని నిపుణులు అంటారు. ఒక్కొక్కప్పుడు ఆ మాట నిజం కూడా కావచ్చు. నిజమో కాదో తేల్చే కొలత ముందుగా తీసి వుంచకపోవడమే అన్యాయం.

నది పేరు చెప్పి ఇల్లు ఖాళీ చేయమంటే భుయ్యాడీహ్‌వాసి మండిపడడంలో ఇటువంటి లెక్కే వున్నది. నదిని కాపాడవలసిందే, హరిత ట్రిబ్యునల్ ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కాని నదిలోకి మురుగు వదిలినవారికి గడువు మీద గడువు, ఒడ్డున గుడిసె వేసుకున్నవాడికి గోడమీద కాగితం. పర్యావరణ చట్టం ఎప్పుడూ బలహీనుడి వాకిట్లోనే తొందరగా అమలవుతుందన్న అభిప్రాయం ఆ బస్తీలో పాతుకుపోయింది. ఆ అభిప్రాయాన్ని పోగొట్టగలిగినది ఉపన్యాసం కాదు, సమానంగా అమలైన చట్టం.

భూగర్భం విషయంలో తొందరపాటు ఎంత ఖరీదైనదో తెలుసుకోవడానికి జార్ఖండ్‌వాసి విదేశాలకు పోనక్కరలేదు. ఝరియా బొగ్గుగనులలో నిప్పు అంటుకున్నట్లు మొదట గుర్తించినది 1916లో. వందేళ్ళు దాటాయి. కంపెనీలు మారాయి, జాతీయకరణ జరిగింది, ప్రణాళికలు వచ్చాయి, రాష్ట్రమే కొత్తది ఏర్పడింది. నేల కింద నిప్పు మాత్రం చల్లారలేదు. దానిపైన వున్న ఊళ్ళు ఇంకా కదులుతూనే వున్నాయి. నేలపై చేసిన తప్పును ఒక తరం దిద్దుకోవచ్చు. నేల కింద చేసిన తప్పుకు తరాల లెక్క పనిచేయదు.

అందుచేత కొత్త చట్టం కింద ఎవరికి లీజు ఇచ్చినా ఢిల్లీ ముందుగా చేయవలసిన పనులు నాలుగున్నాయి. రాయిని చీల్చే ప్రతి అన్వేషణ బావికీ ప్రజాభిప్రాయ సేకరణను తిరిగి తప్పనిసరి చేయాలి. లోపలికి పంపే రసాయనాల పేర్లు వ్యాపార రహస్యం పేరిట దాచకుండా గ్రామ పంచాయతీలో తెలుగులోనో, హిందీలోనో, సంతాలీలోనో వ్రాసి పెట్టాలి. బయటికి వచ్చే నీరు ఎక్కడికి పోతున్నదో నెలనెలా లెక్క చెప్పాలి. నష్టపరిహారాన్ని పట్టా వున్నవాడితో ఆపకుండా, ఆ నీరు తాగే ప్రతివాడికీ వర్తింపజేయాలి. తమిళనాడులో పదేళ్ళ పోరాటానికి దక్కిన రక్షణ కోనసీమకూ, బొకారోకూ పోరాటం లేకుండా దక్కకూడదా?

వీటన్నిటికంటె ముందు జరగవలసిన చిన్న పని ఒకటున్నది. బావి తవ్వే యంత్రం ఊళ్ళోకి రాకమునుపే, చుట్టుపట్ల ప్రతి బోరు నుంచి, ప్రతి చేతిపంపు నుంచి నీరు తీసి, కంపెనీకి సంబంధం లేని ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఫలితాల పట్టీని ఊరికి అప్పగించాలి. కోట్ల రూపాయల బావిలో ఆ ఖర్చు లెక్కలోకి రాదు. తవ్వకం వల్ల హాని లేదని నమ్మే కంపెనీకి ఆ పట్టీ రక్షణ; హాని జరిగితే ఊరికి అదే సాక్ష్యం. పాతాళానికి పట్టా ఎవరిదన్న ప్రశ్న కోర్టులు తేల్చేదాకా, కనీసం ఆ ఒక్క కాగితమైనా పల్లె పెట్టెలో వుండాలి.